యూనిట్ 14: పర్యావరణ తనిఖీ అధికారి - వృత్తి, పద్ధతి, ప్రవేశ మార్గాలు

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 ప్రస్తావన
14.2 తనిఖీకి చట్టపరమైన ఆధారం
14.3 తనిఖీ ఎలా సాగుతుంది?
14.4 నమూనా సేకరణ
14.5 అంకెలను పరీక్షించడం
14.6 నివేదిక రచన
14.7 కొలిచే వ్యక్తి స్వతంత్రత
14.8 ఉద్యోగ మార్గాలు
14.9 వృత్తిలోని కష్టాలు
14.10 సారాంశం
14.11 కీలక పదాలు
14.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- పర్యావరణ తనిఖీ అధికారికి చట్టం ఇచ్చిన అధికారాలను, వాటి హద్దులను వివరించగలుగుతారు.
- వ్యర్థ జలం నమూనాను చట్టబద్ధంగా సేకరించే క్రమాన్ని చెప్పగలుగుతారు.
- సాంద్రతకు, మొత్తం కాలుష్య భారానికి తేడాను లెక్కతో చూపగలుగుతారు.
- మీ అర్హతలకు తగిన ఉద్యోగ మార్గాన్ని గుర్తించగలుగుతారు.

14.1 ప్రస్తావన

గత యూనిట్లలో నీటి కాలుష్యం, వాయు కాలుష్యం, ప్రమాదకర వ్యర్థాల గురించి చదివారు. వాటిని అరికట్టే చట్టాలనూ తెలుసుకున్నారు. ఇక మిగిలిన ప్రశ్న ఒకటే. ఆ చట్టాలు అమలవుతున్నాయో లేదో ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? ఆ పని చేసే వ్యక్తిని ఈ యూనిట్‌లో పర్యావరణ తనిఖీ అధికారి అంటున్నాం. మన రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లలో ఈ పనిని ప్రధానంగా అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు హోదాల్లో ఉన్నవారు చేస్తారు. వారు తెచ్చిన నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించేవారు అనలిస్టులు.

తనిఖీ అంటే జీపులో వెళ్లి, తప్పు పట్టుకుని, తాళం వేసి రావడమే అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నిజానికి కర్మాగారాన్ని మూసివేయాలన్న నిర్ణయం పై స్థాయిలో జరుగుతుంది. తనిఖీ అధికారి చేసేది అంతకన్నా మౌలికమైన పని. ఒక స్థలంలో, ఒక సమయంలో ఏం జరుగుతోందో ఎవరూ కాదనలేని విధంగా నమోదు చేయడం ఆయన బాధ్యత. ఆ నమోదు గట్టిగా ఉంటే వాగు దిగువ రైతుకు న్యాయం దొరుకుతుంది. బలహీనంగా ఉంటే రైతు చెప్పింది నిజమే అయినా కోర్టులో నిలవదు. నియమాలు పాటిస్తున్న కర్మాగారం మీద పడిన నిందను తొలగించేదీ ఆ నమోదే. ఈ యూనిట్ అంతటా ఈ విషయాన్ని గుర్తుంచుకుని చదవండి.

14.2 తనిఖీకి చట్టపరమైన ఆధారం

తనిఖీ అధికారి ప్రైవేటు ఆవరణలోకి ప్రవేశిస్తాడు. కాబట్టి ప్రతి అడుగుకూ చట్టంలో ఆధారం ఉండాలి. మూడు చట్టాలు ముఖ్యమైనవి.

అ) నీటి చట్టం, 1974: నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కింద కేంద్ర, రాష్ట్ర మండళ్లు ఏర్పడ్డాయి. సెక్షన్ 21 నమూనాలు తీసుకునే అధికారాన్ని, సెక్షన్ 23 ఆవరణలో ప్రవేశించి పరిశీలించే అధికారాన్ని ఇస్తాయి. సెక్షన్ 25 ప్రకారం, వ్యర్థ జలాన్ని వదిలే పరిశ్రమ ముందుగా మండలి సమ్మతి పొందాలి. మూసివేత, విద్యుత్తు నిలిపివేత వంటి ఆదేశాలిచ్చే అధికారం సెక్షన్ 33ఎ కింద మండలికి ఉంది.

ఆ) గాలి చట్టం, 1981: ఇందులో సెక్షన్ 21 సమ్మతికి, సెక్షన్ 24 ప్రవేశానికి, సెక్షన్ 26 నమూనా సేకరణకు సంబంధించినవి. రెండు చట్టాల్లోనూ సెక్షన్ 21 ఉంది, కానీ విషయాలు వేరు. పరీక్షల్లో విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే.

ఇ) పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986: భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన విస్తృతమైన చట్టం. ప్రమాణాలు, ప్రమాదకర వ్యర్థాల నియమాలు, పర్యావరణ అనుమతులకు సంబంధించిన ప్రకటనలు దీని కిందే వెలువడ్డాయి.

మన రాష్ట్రాల్లో సమ్మతి రెండు దశల్లో ఉంటుంది. నిర్మాణానికి ముందు తీసుకునేది స్థాపన సమ్మతి (సి.ఎఫ్.ఇ.). ఉత్పత్తికి ముందు తీసుకునేది నిర్వహణ సమ్మతి (సి.ఎఫ్.ఓ.). ఆ పత్రంలో ఏ వస్తువు ఎంత తయారు చేయవచ్చు, ఎంత నీరు వాడవచ్చు, ఎంత వ్యర్థ జలం ఎక్కడికి పంపాలి అన్న షరతులుంటాయి. తనిఖీ అధికారికి ఈ పత్రమే కొలబద్ద. అందులో లేని షరతు కింద తప్పు పట్టలేడు, ఉన్న షరతును వదిలిపెట్టలేడు.

పరిశ్రమలను కాలుష్య సూచికను బట్టి రంగులుగా విభజించారు. 2016 వర్గీకరణ ప్రకారం సూచిక 60 లేదా అంతకు మించితే ఎరుపు, 41 నుంచి 59 వరకు నారింజ, 21 నుంచి 40 వరకు ఆకుపచ్చ, 20 వరకు తెలుపు. తరువాతి సవరణల్లో ఈ హద్దులు మారాయి. వ్యర్థాల నిర్వహణ వంటి అత్యవసర పర్యావరణ సేవలకు నీలం వర్గం కూడా చేరింది. ఎరుపు వర్గానికి తనిఖీలు ఎక్కువ.

శిక్షల విషయంలోనూ మార్పు వచ్చింది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం గాలి, పర్యావరణ చట్టాల్లోని అనేక ఉల్లంఘనలకు జైలు శిక్ష బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాను తెచ్చింది. దీనిని న్యాయనిర్ణయాధికారి విధిస్తారు. 2024 సవరణ నీటి చట్టంలోనూ ఇటువంటి మార్పు చేసింది. తనిఖీ నివేదిక నేరుగా డబ్బు రూపంలో బాధ్యతను నిర్ణయించే ఆధారమయ్యే సందర్భాలు దీనివల్ల పెరుగుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. ప్రవేశం, నమూనా సేకరణ, సమ్మతి: ఈ మూడింటికి నీటి చట్టంలో ఏయే సెక్షన్లు ఉన్నాయి?
2. సి.ఎఫ్.ఇ., సి.ఎఫ్.ఓ. మధ్య తేడా ఏమిటి?

14.3 తనిఖీ ఎలా సాగుతుంది?

తనిఖీ కార్యాలయంలోనే మొదలవుతుంది. కర్మాగారం సమ్మతి పత్రం, గత నివేదిక, అందులో సరిదిద్దుకోమన్న అంశాలు, గ్రామస్థుల ఫిర్యాదులు ముందుగా చదవాలి. చదవకుండా వెళ్లినవారు చూపించిందే చూసి వస్తారు.

స్థలానికి చేరాక ముందు ప్రహరీ బయట ఒక చుట్టు తిరగడం మంచి పద్ధతి. వర్షపు నీటి కాలువలో రంగు నీరుందా, గడ్డి ఎక్కడైనా మాడిపోయిందా, పక్క పొలంలో బోరుబావి నీరు ఎలా ఉంది అన్నవి గమనించాలి. గొర్రెల కాపరి, పాలు పోసే మహిళ, పక్క పొలం రైతు మీకు మొదటి సమాచారదారులు. నీరు ఏ రోజు, ఏ వేళ వదులుతారో వారికి తెలుస్తుంది. రాత్రివేళల్లో, జోరువానలో వదిలే నీటి గురించి పట్టపగలు వెళ్లే అధికారికి వారు చెబితేనే తెలుస్తుంది. అయితే వారు చెప్పింది సూచన మాత్రమే. దాన్ని రుజువుగా మార్చే బాధ్యత మీది.

లోపలికి వెళ్లాక నీటి వెంట నడవండి. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ విభాగంలో వాడుతున్నారు, వ్యర్థం శుద్ధి ప్లాంటుకు (ఇ.టి.పి.) ఎలా చేరుతోంది, శుద్ధి తరువాత ఎటు పోతోంది అని వరుసగా చూడాలి. ఆ తరువాత పొగగొట్టాలు, బాయిలరు, జనరేటరు, ప్రమాదకర వ్యర్థాలు నిల్వచేసే షెడ్డు, చివరగా రిజిస్టర్లు. ఇ.టి.పి. నుంచి వచ్చే మడ్డి ఎంత తయారైంది, ఎంత పంపారు అన్న లెక్కను దుండిగల్, పరవాడ వంటి చోట్ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిక్షేపణ కేంద్రాల రసీదులతో సరిపోల్చాలి.

తీవ్ర కాలుష్యకారకమైన 17 వర్గాల పరిశ్రమలు నిరంతరం కొలిచే ఆన్‌లైన్ పరికరాలు పెట్టాలని 2014లో కేంద్ర మండలి ఆదేశించింది. వాటి అంకెలు నేరుగా మండళ్ల సర్వర్లకు చేరుతాయి. పరికరం వచ్చింది కదా, ఇక అధికారి ఎందుకు అని మీరు అడగవచ్చు. పరికరం తాను మునిగి ఉన్న నీటినే కొలుస్తుంది. అది నిజంగా బయటకు పోయే నీరేనా, పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్నది మనిషే చూడాలి.

ఎక్కడ కొలుస్తున్నామన్నది ఎంత ముఖ్యమో తెలియడానికి విశాఖపట్నం ఉదాహరణ చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆసుపత్రి పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ట్యాంకు అడుగు భాగంలోనే ఉష్ణోగ్రతను కొలవడం. పైభాగం వేడెక్కుతున్నా ఆ అంకెలో కనిపించదు. రిజిస్టరులో రాసిన అంకె సరైనదే కావచ్చు, అది కొలిచిన చోటు మాత్రం సరైనది కాదు. ఇటువంటి కర్మాగారంలో భద్రతను చూడడం ప్రధానంగా ఫ్యాక్టరీల శాఖ పని. అయినా పర్యావరణ తనిఖీలో ఉన్నవారు కూడా ప్రతి అంకె దగ్గరా ‘ఇది ఎక్కడ కొలిచింది?’ అని అడగడం అలవాటు చేసుకోవాలి.

14.4 నమూనా సేకరణ

నమూనా సేకరణలో రెండు క్రమశిక్షణలున్నాయి. ఒకటి శాస్త్రానిది, రెండోది చట్టానిది. ఏది తప్పినా నమూనా వృథా.

శాస్త్రీయ నియమాలు: పి.హెచ్., ఉష్ణోగ్రతలను అక్కడికక్కడే కొలవాలి. బి.ఓ.డి. నమూనాను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐసుపెట్టెలో ఉంచి వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. లేకపోతే దారిలోనే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తినేస్తాయి, ఫలితం తక్కువగా వస్తుంది. సి.ఓ.డి. నమూనాకు గంధకామ్లం కలిపి పి.హెచ్. 2 కన్నా తక్కువకు తేవాలి. లోహాల నమూనాకు నత్రికామ్లం వాడతారు. నూనె, గ్రీజు కొలవాలంటే గాజు సీసా తప్పనిసరి, ఎందుకంటే ప్లాస్టిక్ గోడకు నూనె అంటుకుపోతుంది. ఒక్కసారి ముంచి తీసినది ఆ క్షణపు స్థితినే చెబుతుంది. రోజంతటి స్థితి తెలియాలంటే నిర్ణీత వ్యవధుల్లో తీసిన నీటిని కలిపిన మిశ్రమ నమూనా కావాలి.

చట్టపరమైన నియమాలు: నీటి చట్టం సెక్షన్ 21 క్రమాన్ని వరుసగా గుర్తుపెట్టుకోండి.

1. నమూనాను విశ్లేషణకు పంపబోతున్నట్లు అక్కడే, అప్పుడే నిర్ణీత నమూనా పత్రంలో కర్మాగార బాధ్యుడికి నోటీసు ఇవ్వాలి.
2. బాధ్యుడి లేదా అతని ప్రతినిధి సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేయాలి.
3. ఒక్కో భాగాన్ని విడి పాత్రలో పోసి, గుర్తులు వేసి, సీలు చేసి, ఇరువురూ సంతకాలు చేయాలి.
4. ఒక పాత్రను మండలి స్థాపించిన లేదా గుర్తించిన ప్రయోగశాలకు వెంటనే పంపాలి.
5. బాధ్యుడు కోరితే రెండో పాత్రను చట్టం పేర్కొన్న రాష్ట్ర ప్రయోగశాలకు పంపాలి.

బాధ్యుడు కావాలని తప్పుకుంటే అధికారి ఒక్కడే సీలు చేసి సంతకం పెట్టి పంపవచ్చు. తప్పుకున్న సంగతిని మాత్రం లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

ఇది వట్టి కాగితాల తంతు అనిపించవచ్చు. ఢిల్లీ బాట్లింగ్ కంపెనీ కేసులో ఢిల్లీ హైకోర్టు 1986లో ఇచ్చిన తీర్పు చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. సెక్షన్ 21 చెప్పిన ప్రకారం విశ్లేషణ జరగలేదు కాబట్టి ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదని కోర్టు చెప్పింది. నీరు మురికిదా, శుభ్రమైనదా అన్న చర్చ వరకు వెళ్లే అవకాశమే లేకపోయింది. ఈ నియమాలు పరిశ్రమకు రక్షణ, ఫిర్యాదుదారుకూ రక్షణ. రెండో పాత్ర ఉందని తెలిసినప్పుడు ప్రయోగశాల కూడా జాగ్రత్తగా పనిచేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. బి.ఓ.డి. నమూనాను చల్లగా ఎందుకు ఉంచాలి?
2. నమూనాను రెండు భాగాలు చేయడం వల్ల ఎవరికి ఏం ప్రయోజనం?

14.5 అంకెలను పరీక్షించడం

భూఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థ జలానికి సాధారణ ప్రమాణాలు ఇవి:

- పి.హెచ్.: 5.5 నుంచి 9.0
- బి.ఓ.డి. (27 డిగ్రీల వద్ద 3 రోజులు): లీటరుకు 30 మిల్లీగ్రాములు
- సి.ఓ.డి.: లీటరుకు 250 మిల్లీగ్రాములు
- తేలియాడే ఘనపదార్థాలు: లీటరుకు 100 మిల్లీగ్రాములు
- నూనె, గ్రీజు: లీటరుకు 10 మిల్లీగ్రాములు

కొన్ని పరిశ్రమలకు వేరే ప్రమాణాలుంటాయి. సమ్మతి పత్రం ఇంకా కఠినంగానూ ఉండవచ్చు. ప్రమాణంతో పోల్చడం ఎవరైనా చేస్తారు. అంకె వెనుక ఏముందో చూడడం తనిఖీ అధికారి నేర్పు. మూడు లెక్కలు చేద్దాం. ఇందులోని అంకెలు బోధన కోసం కల్పించినవి.

ఉదాహరణ 1 - పలచన చేయడం: ఒక కర్మాగారం రోజుకు 100 కిలోలీటర్ల వ్యర్థ జలాన్ని వదులుతోంది. సి.ఓ.డి. లీటరుకు 600 మిల్లీగ్రాములు. రోజుకు కాలుష్య భారం 600 × 1,00,000 = 6,00,00,000 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోలు. ఇప్పుడు అందులో 200 కిలోలీటర్ల బోరునీరు కలిపారు. సాంద్రత 200 మిల్లీగ్రాములకు తగ్గి, ప్రమాణం లోపలికి వచ్చేసింది. కానీ చెరువులోకి చేరేది అవే 60 కిలోలు, పైగా 200 కిలోలీటర్ల మంచినీరు పోయింది. కాబట్టి సాంద్రతతో పాటు ప్రవాహాన్నీ తప్పక కొలవాలి.

ఉదాహరణ 2 - నీటి పద్దు: రోజుకు లోపలికి వచ్చే నీరు 180 కిలోలీటర్లు. ఉత్పత్తిలో కలిసేది 20, ఆవిరయ్యేది 40. మిగిలిన 120 కిలోలీటర్లు ఇ.టి.పి.కి చేరాలి. అక్కడి మీటరు 70 మాత్రమే చూపుతోంది. తక్కిన 50 కిలోలీటర్లు ఎటు పోయాయి? మీటరు పాడై ఉండవచ్చు, నేలలో గొట్టం ఉండవచ్చు. ఈ లెక్క తప్పును రుజువు చేయదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది.

ఉదాహరణ 3 - కరెంటు మీటరు: ఇ.టి.పి. మోటార్ల మొత్తం సామర్థ్యం 15 కిలోవాట్లు. రోజుకు 20 గంటలు నడుపుతున్నామని లాగ్‌బుక్‌లో ఉంది. అలాగైతే నెలకు 15 × 20 × 30 = 9,000 యూనిట్లు ఖర్చు కావాలి. విడి మీటరులో 2,400 యూనిట్లే ఉన్నాయి. 2,400ను 15తో భాగిస్తే 160 గంటలు. అంటే రోజుకు 5 గంటలు దాటి కొద్దిసేపు మాత్రమే ప్లాంటు నడిచింది. లాగ్‌బుక్ ఒకటి చెబుతోంది, మీటరు మరొకటి చెబుతోంది.

ఈ మూడింటికీ కావలసింది గుణకారం, భాగహారం, ఓపిక. గణితమంటే భయపడే విద్యార్థులు ఈ సంగతి గమనించాలి.

14.6 నివేదిక రచన

నివేదికలో చూసినది, కొలిచినది, విన్నది, ఊహించినది విడివిడిగా ఉండాలి. ఈ రెండు వాక్యాలను పోల్చండి.

(క) ‘కర్మాగారం నుంచి విపరీతమైన కాలుష్యం వెలువడుతోంది. గ్రామస్థులు తీవ్ర ఇబ్బంది పడుతున్నారు.’

(చ) ‘ఉదయం 6 గంటల 40 నిమిషాలకు ఉత్తర ప్రహరీ కింది తూము నుంచి గోధుమరంగు నీరు వాగులోకి పారుతోంది. అక్కడే కొలిచిన పి.హెచ్. 3.8. ఈ తూము సమ్మతి పత్రంలోని పటంలో లేదు. మేనేజరు సమక్షంలో నమూనా తీసి, రెండు భాగాలు చేసి సీలు వేశాం.’

మొదటి వాక్యంలో ఆవేదన ఉంది, కానీ న్యాయవాది ఒక్క ప్రశ్నతో దాన్ని కొట్టివేస్తాడు. రెండో వాక్యాలను కాదనాలంటే సమయం, చోటు, అంకె, సాక్షి అన్నింటినీ తప్పని చూపాలి. విశేషణాలు తగ్గించి, వివరాలు పెంచండి.

కొన్నిసార్లు శాస్త్రం ఖచ్చితమైన జవాబు ఇవ్వలేదు. అప్పుడేం చేయాలి? దీనికి మన హైదరాబాదు జలాశయాల కేసే మార్గం చూపింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షిత పరిధిలో ఆముదపు నూనె ఉత్పత్తుల కర్మాగారానికి మండలి సమ్మతి నిరాకరించింది. అప్పీలు అధికారి సమ్మతి ఇవ్వమన్నారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి - ఎం.వి. నాయుడు కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో, 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది. హాని జరగదని చూపే భారం పరిశ్రమ పెట్టేవారిదేనని చెప్పింది. న్యాయమూర్తులతో పాటు శాస్త్రవేత్తలూ కూర్చునే పర్యావరణ న్యాయస్థానాలు అవసరమని కూడా సూచించింది. 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నేడు ఆ అమరిక కనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దాని దక్షిణ బెంచి పరిధిలోకి వస్తాయి.

14.7 కొలిచే వ్యక్తి స్వతంత్రత

పద్ధతి తెలిసినా, కొలిచే వ్యక్తి ఎవరికి జవాబుదారీ అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. దీన్ని గుజరాత్‌లో జరిగిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపింది.

గుజరాత్‌లో హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి ఎక్కువ కాలుష్య అవకాశమున్న పరిశ్రమలకు ఏటా పర్యావరణ ఆడిట్ తప్పనిసరి. అయితే ఆడిటర్‌ను ఎంచుకునేది, డబ్బిచ్చేది ఆ పరిశ్రమే. ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు గుజరాత్ మండలితో కలిసి 2009-11లో అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో ప్రయోగం చేశారు. పాత పద్ధతిలో, పొగలోని ధూళికణాల ప్రమాణాన్ని 7 శాతం కర్మాగారాలే ఉల్లంఘిస్తున్నాయని ఆడిటర్లు రాశారు. వేరేవారితో మళ్లీ కొలిపిస్తే 59 శాతం ఉల్లంఘిస్తున్నట్లు తేలింది. ఆడిటర్లు రాసిన అంకెలు చాలావరకు ప్రమాణానికి సరిగ్గా కింద గుమిగూడి ఉన్నాయి.

ప్రయోగంలో కొన్ని కర్మాగారాలకు ఆడిటర్‌ను చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా కేటాయించారు. జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్ని కొలతలను మళ్లీ సరిచూశారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు, ఆ కర్మాగారాలు కాలుష్యాన్నీ తగ్గించుకున్నాయి. ఆడిటర్లు, పరికరాలు, చట్టం అన్నీ ముందున్నవే. మారింది ఎవరు ఎంపిక చేస్తారు, ఎవరు డబ్బిస్తారు, ఎవరు సరిచూస్తారు అన్నవి.

అదే రాష్ట్రంలో అదే బృందం చేసిన మరో ప్రయోగంలో తనిఖీల సంఖ్యను బాగా పెంచారు. చిన్న ఉల్లంఘనలు ఎక్కువగా నమోదయ్యాయి, సగటు కాలుష్యం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. ఎక్కడ పెద్ద కాలుష్యం జరుగుతోందో అనుభవంతో పసిగట్టి అక్కడికి వెళ్లే అధికారి విచక్షణకు విలువ ఉందని దీనివల్ల తెలుస్తోంది.

2025 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నియమాలు నమోదైన ప్రైవేటు ఆడిటర్లకు చోటు కల్పించాయి. వారిని యాదృచ్ఛికంగా కేటాయించాలని కూడా చెప్పాయి. మీ తరానికి ఇది కొత్త ఉపాధి ద్వారం. ఇందులోకి వెళ్లేవారు పై అంకెలను, 7, 59లను, మరిచిపోకూడదు.

14.8 ఉద్యోగ మార్గాలు

దూరవిద్య విద్యార్థులుగా మీకు ఏది అందుబాటులో ఉందో, ఏది లేదో స్పష్టంగా చెప్పుకుందాం.

అ) రాష్ట్ర మండలిలో ఇంజనీరు: అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టుకు సివిల్, కెమికల్, పర్యావరణ ఇంజనీరింగ్ వంటి శాఖల్లో డిగ్రీ కావాలి. బి.ఎస్‌సి., బి.ఎ. డిగ్రీలతో నేరుగా ఈ పోస్టుకు వెళ్లలేరు. దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీ ఇస్తామనే ప్రకటనలు నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. యు.జి.సి. నియమాలు దూరవిద్యలో ఇంజనీరింగ్‌ను అనుమతించవు. అయితే యు.జి.సి. గుర్తించిన దూరవిద్య బి.ఎస్‌సి. వంటి డిగ్రీలు అదే స్థాయి రెగ్యులర్ డిగ్రీతో సమానం.

ఆ) అనలిస్టు: విజ్ఞానశాస్త్ర నేపథ్యం ఉన్నవారికి ఇది సహజమైన దారి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరు, అనలిస్టు గ్రేడ్-2 పోస్టులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లు ఇచ్చింది. ప్రతి నోటిఫికేషన్‌లోనూ అర్హతల పేరాను పదం పదం చదవండి. మీ డిగ్రీలోని సబ్జెక్టుల పేర్లు అక్కడి పేర్లతో సరిపోవాలి.

ఇ) కేంద్ర మండలి: సైంటిస్ట్ ‘బి’ పోస్టుకు ఇంజనీరింగ్ డిగ్రీ లేదా తగిన సైన్సు పి.జి. కావాలి. సైంటిఫిక్ అసిస్టెంట్, లేబొరేటరీ అసిస్టెంట్ వంటి పోస్టులు కూడా ఉంటాయి.

ఈ) గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రయోగశాలలు: బి.ఎస్‌సి. పట్టభద్రులు ఎక్కువగా తొలి ఉద్యోగం పొందేది ఇక్కడే. మొదట క్షేత్రంలో నమూనాలు తీసే పని, తరువాత విశ్లేషణ. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం ప్రభుత్వ అనలిస్టుగా గుర్తింపు పొందడానికి సైన్సు డిగ్రీతో 5 ఏళ్ల ప్రయోగశాల అనుభవం, పి.జి. ఉంటే 2 ఏళ్ల అనుభవం కావాలి. కాబట్టి చిన్న ప్రయోగశాలలో గడిపిన ఏళ్లు వృథా కావు. అనుభవ ధ్రువపత్రాలను జాగ్రత్తగా దాచుకోండి.

ఉ) పరిశ్రమల్లో పర్యావరణ విభాగం: జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి పారిశ్రామికవాడల్లో పర్యావరణ, ఆరోగ్య, భద్రతా విభాగాలున్నాయి. తనిఖీకి బల్ల అవతలి వైపు ఇది. ఇక్కడ పనిచేసినవారికి ఇ.టి.పి. నడక క్షుణ్ణంగా తెలుస్తుంది.

ఊ) నైపుణ్య శిక్షణ: కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో ప్రారంభించిన హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం కింద స్వల్పకాలిక కోర్సులు నడిచాయి. హైదరాబాదులోని ఈ.పి.టి.ఆర్.ఐ. కూడా శిక్షణలు ఇస్తుంది.

ఆర్ట్స్ విద్యార్థులు నిరాశపడనక్కర్లేదు. పర్యావరణ న్యాయం, ప్రజాభిప్రాయ సేకరణల నిర్వహణ, గ్రామస్థాయి సమాచార సేకరణ రంగాల్లో చట్టం చదివినవారికి, చక్కగా రాయగలవారికి అవసరం ఉంది.

14.9 వృత్తిలోని కష్టాలు

మన ప్రాంతంలో పని కొరత లేదు. 2009లో కేంద్ర మండలి 88 పారిశ్రామిక సముదాయాలను అంచనా వేసి, 43 సముదాయాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు వాటిలో విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం ఉన్నాయి. పటాన్‌చెరు దిగువన నక్కవాగు వెంట ఉన్న గ్రామాల రైతుల పోరాటం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరి, దశాబ్దాలు సాగింది. మరోవైపు దేశంలోని అనేక మండళ్లలో మంజూరైన పోస్టులు పెద్దసంఖ్యలో ఖాళీగా ఉన్నాయి. ఫలితంగా ఒక్కో అధికారిపై భారం ఎక్కువ.

ఒత్తిళ్లు వస్తాయి. ‘ఈసారికి చూసీచూడనట్లు వదిలేయండి’ అని కొందరు, ‘వెంటనే మూసేయకపోతే ఊరుకోం’ అని మరికొందరు అంటారు. కర్మాగారంలో పనిచేసే కార్మికులు కూడా చాలాసార్లు ఆ ఊరివారే. ఇద్దరికీ మీరు ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే: సరైన పద్ధతిలో తీసిన కొలత. ఎంత మర్యాదగా మాట్లాడితే అంత మంచిది, కానీ అంకెను మార్చే అధికారం మీకు లేదు. చిన్న కానుకతో మొదలైనది పెద్ద ఊబిగా మారుతుంది. అవినీతి నిరోధక చట్టం ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ వర్తిస్తుంది.

శారీరక ప్రమాదాలూ ఉన్నాయి. ఇ.టి.పి. తొట్లలో, మూసి ఉన్న గుంటల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు చేరతాయి. ఎక్కువ మోతాదులో ఈ వాయువు ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. కాబట్టి వాసన లేదు కదా అని లోపలికి తొంగిచూడకూడదు, ఒంటరిగా దిగనే కూడదు. పొగగొట్టం నిచ్చెన ఎక్కేటప్పుడు భద్రతా బెల్టు, శిరస్త్రాణం తప్పనిసరి. ఏ నమూనా కూడా మీ ప్రాణం కన్నా విలువైనది కాదు.

14.10 సారాంశం

పర్యావరణ తనిఖీ అధికారి వాస్తవాన్ని చట్టబద్ధంగా నమోదు చేసే వ్యక్తి. నీటి చట్టం, గాలి చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం అతనికి ప్రవేశ, నమూనా అధికారాలిస్తాయి. సమ్మతి పత్రమే కొలబద్ద. నమూనాను శాస్త్రీయంగానూ, సెక్షన్ 21 క్రమంలోనూ తీయకపోతే ఫలితం చెల్లదు. సాంద్రత, ప్రవాహం, నీటి పద్దు, కరెంటు మీటరు కలిపి చూసినప్పుడే అసలు చిత్రం బయటపడుతుంది. కొలిచే వ్యక్తి ఎవరి మీద ఆధారపడ్డాడన్నది కొలత నిజాయితీని ప్రభావితం చేస్తుందని గుజరాత్ అధ్యయనం చూపింది. ఇంజనీరు పోస్టులకు ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. సైన్సు పట్టభద్రులకు ప్రయోగశాల, పరిశ్రమ, అనలిస్టు మార్గాలు తెరిచి ఉన్నాయి.

14.11 కీలక పదాలు

సమ్మతి: పరిశ్రమ స్థాపనకు, నిర్వహణకు మండలి షరతులతో ఇచ్చే అనుమతి.
బి.ఓ.డి.: నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయడానికి కావలసిన ఆక్సిజన్.
సి.ఓ.డి.: నీటిలోని పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరణం చేయడానికి కావలసిన ఆక్సిజన్.
కాలుష్య భారం: సాంద్రతను ప్రవాహంతో గుణిస్తే వచ్చే మొత్తం కాలుష్య పరిమాణం.
మిశ్రమ నమూనా: నిర్ణీత వ్యవధుల్లో తీసి కలిపిన నమూనా.
ముందుజాగ్రత్త సూత్రం: తీవ్రమైన హానికి అవకాశమున్నప్పుడు పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న కారణంతో నివారణ చర్యలు వాయిదా వేయకూడదనే సూత్రం.

14.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం నమూనా సేకరణ క్రమాన్ని, దాని ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. ‘కొలత నాణ్యత కొలిచే వ్యక్తి స్వతంత్రతపై ఆధారపడుతుంది.’ గుజరాత్ అధ్యయనం ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒక కర్మాగారం రోజుకు 80 కిలోలీటర్ల వ్యర్థ జలాన్ని లీటరుకు 500 మిల్లీగ్రాముల సి.ఓ.డి.తో వదులుతోంది. కాలుష్య భారం ఎంత? 120 కిలోలీటర్ల మంచినీరు కలిపితే సాంద్రత, భారం ఎలా మారతాయి?
2. ఎం.వి. నాయుడు కేసు ప్రాముఖ్యం తెలపండి.

III. అభ్యాసం
మీ ఊరి దగ్గరలోని ఒక చెరువు లేదా వాగు దగ్గర అరగంట గడపండి. ఏ ఆవరణలోకీ ప్రవేశించవద్దు. సమయం, చోటు, నీటి రంగు, వాసన, వచ్చి కలిసే కాలువలు రాసుకోండి. చూసినది ఒక వరుసలో, విన్నది మరో వరుసలో, ఊహించినది మూడో వరుసలో రాయండి. మూడో వరుసలోని ప్రతి అంశానికీ ఎదురుగా, దాన్ని తేల్చుకోవాలంటే ఏం కొలవాలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.